ముప్ఫై ఏడో నంబరు చాకు

కిందటి కథలో అమలాపురంలో హరిబాబు సెల్‌ఫోన్ల కొట్టు మెట్ల మీద కృపారావు మేష్టారిని వదిలి వచ్చాం కదా. ఆ నాలుగు మెట్లూ దిగడానికి ఆయనకి చాలాసేపే పట్టింది.

ముప్ఫై రెండేళ్ళు ఐటీఐలో ఫిట్టరు ట్రేడు చెప్పి రిటైరైన మనిషి. ముక్తేశ్వరంలో ఇంటి వెనక రేకుల షెడ్డులో నెలకి నాలుగు మడత చాకులు చేస్తారు. అయిదోది చెయ్యరు. ఒక్కోటీ నాలుగు వేల ఐదొందలు. కావలసినవాళ్ళు పేరు రాయించుకుని పద్నాలుగు నెలలు ఆగాలి. ఆ చాకుల్లో ఒకటి, చాకులు పోగుచేసే షోకున్నవాళ్ళ గ్రూపులో నలభై ఎనిమిది వేలకి అమ్ముడైపోయింది. ఫొటో పెట్టిన పదకొండు నిమిషాలకే బెంగుళూరులో ఎవరో కొనేశారట. అమ్మినవాడి పేరు మాత్రం హరిబాబు చెప్పలేదు. వ్యాపారంలో అది మర్యాద కాదన్నాడు.

"మేష్టారూ, చాకుకి ధర మీరు కట్టేరు. పద్నాలుగు నెలలు ఆగలేనివాడి తొందరకి ధర బజారు కట్టిందండి. ఇందులో మీకు పోయిందేముంది చెప్పండి? పైగా ఇది పాత నంబరు. ఒక్క గీత లేదు దీని మీద. ఏమీ కొయ్యని చాకు కాబట్టే అంత పలికింది."

ఆ చివరి మాట ఆయనకి ముల్లులా దిగింది. కొయ్యకపోవడం చాకుకి గొప్ప ఎప్పుడయింది? కానీ అంతకన్నా లోతుగా దిగింది ఇంకోటుంది. ఫొటోలో బ్లేడు మొదట్లో కొట్టిన నంబరు 37. ఇంటికొచ్చి భార్య సలోమి రాసే పుస్తకం తిరగేస్తే ఆమె గుండ్రటి అక్షరాల్లో స్పష్టంగా ఉంది: "37. మాణిక్యాలరావు. ఊరికే."

రెండొందల ఎనభై చాకుల్లో ఆయన డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చింది అదొక్కటే.

శనివారం పొద్దున్న మేష్టారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోపెడ్ బయటికి తీశారు.

"దిబ్బరొట్టె మూకుట్లో ఉందండి. తిని వెళ్ళండి," అంది సలోమి వంటింట్లోంచి.

"వచ్చి తింటాను."

"చల్లారిపోతే మళ్ళీ నన్నంటారు."

"అనను."

సలోమి గుమ్మంలోకి వచ్చి చూసింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో దిబ్బరొట్టె కాదని ఆయన గడప దాటిన రోజు ఆమెకి గుర్తు లేదు. ఎక్కడికని అడగలేదు. మూకుడు మీద మూత మాత్రం సరిగ్గా పెట్టింది.

కాలవ గట్టు మీద వెళ్తూ మేష్టారు ఆ చాకు సంగతే తల్చుకున్నారు. మాణిక్యాలరావు పాతికేళ్ళు కొబ్బరి దింపు తీసినవాడు. అయిదేళ్ళ కిందట వానకి తడిసిన చెట్టు మీంచి జారి పడ్డాడు. ప్రాణం నిలబడింది గానీ కుడిచేతి చివరి రెండు వేళ్ళూ సగానికి మించి ముడుచుకోవు. అప్పట్నించీ చెట్టు ఎక్కడం మాని, కొబ్బరి యార్డులో కూర్చుని ఈనెలు చీరి చీపుర్లు కడుతున్నాడు. మామూలు చాకు ఆ చేతిలో నిలవదు. మేష్టారు ఓ రోజు తడిమట్టి ముద్ద తీసుకెళ్ళి, "గట్టిగా పట్టుకో మాణిక్యం" అని, ఆ చేతి పట్టు అచ్చు తీసుకుని, దానికి సరిపోయేలా కొబ్బరి చేవతో లావుపాటి పిడి చెక్కారు. అలాంటి పిడి ఇంకెవరికీ పనికిరాదు. ఇంకెవరికీ పనికిరానిదాన్ని ఎవడు కొన్నాడు మరి? ఈ ప్రశ్న ఆయనకి దారిలోనే రావలసింది. కోపంలో ఉన్న మనిషికి అలాంటివి రావు.

పైగా మూడు ఆదివారాలుగా మాణిక్యాలరావు చర్చిలో ఆయన పక్కన కూర్చోవడం లేదు. వెనక బల్ల మీద కూర్చుని, ఆఖరి ప్రార్థన అవుతుండగానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోతున్నాడు. ఏదో నొప్పి అనుకున్నారు ఇన్నాళ్ళూ. ఇప్పుడు అర్థమైందనుకున్నారు.

యార్డులో కొబ్బరి డొక్కల గుట్ట పక్కన, రేకు చూరు నీడలో గోనె పరుచుకుని కూర్చున్నాడు మాణిక్యాలరావు. చుట్టూ పచ్చి ఈనెలు. మేష్టారిని చూడగానే గబుక్కున కుడిచెయ్యి గోనె కిందకి పెట్టేశాడు. అది మేష్టారి కంట పడింది.

"రండి మేష్టారండి. కూర్చోండి. బొండం కొట్టించమంటారా?"

"వద్దు."

"టీ అయినా..."

"కూర్చోడానికి రాలేదు మాణిక్యం. నేనిచ్చిన చాకు ఏది?"

మాణిక్యాలరావు ఈనె ఒకటి తీసి, ఎడంచేత్తో మెలితిప్పాడు.

"ఉందండి," అన్నాడు చివరికి.

"ఉంటే చూపించు."

"ఇంటి దగ్గరుందండి."

"ఇంటి దగ్గర చాకు పెట్టుకుని ఇక్కడ ఈనెలు దేంతో చీరుతున్నావు?"

మేష్టారి గొంతు వణికింది. ముప్ఫై రెండేళ్ళు కుర్రాళ్ళని మందలించిన గొంతు అది. కానీ వాళ్ళ మీద ఎప్పుడూ ఇలా వణకలేదు.

"నాకు డబ్బు సంగతి కాదు. నీకు అవసరమొస్తే నన్ను అడగొచ్చు. అడగడానికి మొహమాటమైతే సలోమిని అడగొచ్చు. ఇరవై ఏళ్ళుగా ఒకే బల్ల మీద కూర్చుంటున్నాం. నీ చెయ్యి అచ్చు తీసి చేసిన వస్తువుని బజార్లో పెట్టేవంటే నేను నీకు ఏమైనట్టు?"

మాణిక్యాలరావు తలెత్తి చూశాడు. మొహంలో తప్పు చేసినవాడి బెరుకు అప్పటిదాకా ఉంది. అది పోయి ఏమీ అర్థంకాని చూపు వచ్చింది.

"బజార్లో పెట్టడమేంటండి?"

"నలభై ఎనిమిది వేలకి అమ్ముడైందిట. ముప్ఫై ఏడో నంబరు. హరిబాబు ఫొటో చూపించేడు."

"నలభై ఎనిమిది వేలా," అన్నాడు మాణిక్యాలరావు నెమ్మదిగా. "మా ఇంటికి ఒకాయన వచ్చేడండి, రెండు నెల్ల కిందట. ఇరవై ఇస్తానన్నాడు. ఈ చేతికి ఇంకో చాకు ఇరవై వేలకి దొరుకుద్దా అని అడిగేను. దొరకదన్నాడు. అయితే ఇవ్వననేను. అప్పుడు వెళ్ళిపోయేడు. మీకు చెప్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటదని చెప్పలేదండి."

అలా చెబుతూనే గోనె కింద నుంచి కుడిచెయ్యి తీశాడు. ముడవని రెండు వేళ్ళ మధ్య ఒద్దికగా అమిరి, ఈనెల పసరు పట్టి నల్లబడ్డ కొబ్బరి చేవ పిడి. బ్లేడు మొదట్లో 37.

మేష్టారు వంగి చూశారు.

"దాచింది ఇందుకండి," అన్నాడు మాణిక్యాలరావు, బ్లేడు కొన చూపిస్తూ. "నెల అయింది. టెంకాయ కన్ను పొడవబోతే కొన పుటుక్కుమంది. మీ వస్తువు పాడుచేసేనని మీకు మొహం చూపించలేకపోయేను. అరుగు రాయి మీద నేనే అరగదీసేను. ఏదో వంకర వచ్చింది. పని మాత్రం చేస్తందండి."

మేష్టారు చాకు చేతిలోకి తీసుకున్నారు. తను అద్దంలా మెరుగుపెట్టి ఇచ్చిన బ్లేడు. ఇప్పుడు దాని మీద వెయ్యి గీతలున్నాయి. పదును పెట్టగా పెట్టగా సన్నబడింది. కొన మొద్దుగా, ఎడమకి వాలి ఉంది. మడిచి మళ్ళీ విప్పారు. స్ప్రింగు టక్కుమని నిలబడింది, అయిదేళ్ళ కిందట షెడ్డులో మొదటిసారి పలికినట్టే.

రెండొందల ఎనభై చాకులు చేసి ఊళ్ళమీదకి పంపారు గానీ, పంపినది మళ్ళీ ఇలా చేతికి రావడం ఆయనకి ఇదే మొదటిసారి. మిగతావన్నీ ఏ అద్దాల బీరువాలో ఉన్నాయో. ఇదొక్కటే పనిలో ఉంది.

ఆయన గోనె మీద కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా సంగతి మర్చిపోయారు.

"టెంకాయ కన్ను చాకుతో పొడుస్తారా ఎవరైనా?"

"బుద్ధి తక్కువైందండి."

"సోమవారం షెడ్డుకి రా. కొన సరిచేసి ఇస్తాను. గీతలు మాత్రం తియ్యను, అలాగే ఉంచుతాను." చాకు మడిచి అతని చేతిలో పెట్టి, "నన్ను క్షమించు మాణిక్యం," అన్నారు.

"అయ్యో, అంత మాట ఎందుకండి. రేపు పక్కన కూర్చుంటాలెండి."

అప్పుడు తాగారు బొండం. నీళ్ళు తాగి, లేత మీగడ గీరుకుని తింటూ ఉండగా మాణిక్యాలరావే అన్నాడు.

"మరి అమ్ముడైంది ఏదండి? ముప్ఫై ఏడు నా దగ్గరుంటే?"

మేష్టారు ఫోను తీశారు. హరిబాబు పంపిన ఫొటో మళ్ళీ పెట్టారు. బ్లేడు మొదలు, నంబరు, అంతే కనబడుతోంది. ఆ ఏడు అంకె తోక కాస్త విరిగినట్టు ఉంది. ఆయన దగ్గరున్న నంబరు అచ్చుల్లో ఏడుకి తోక విరిగి పదేళ్ళయింది. కాబట్టి దొంగ చాకు కాదు. ఆయన షెడ్డులో పుట్టిందే.

"కింద ఇంకోటి ఉందిగా మేష్టారు," అన్నాడు మాణిక్యాలరావు తొంగి చూసి. "ఆ బాణం గుర్తు నొక్కితే గానీ రాదండి." తనే బిగుసుకుపోయిన వేలితో నొక్కాడు.

రెండో ఫొటో నెమ్మదిగా తేటపడింది. చాకు మొత్తం కనబడింది. సన్నటి పిడి, గేదె కొమ్ముది. నల్లటి కొమ్ములో నిలువునా పాలచార లాంటి తెల్ల గీత.

చూస్తూనే ఆయనకి గుర్తొచ్చింది. మాణిక్యాలరావు చాకు కంటే ముందు చేసిన చాకు. ఎవరో కాకినాడ డాక్టరు కోసం. ఆరు రోజులు పని చేసి, నంబరు కొట్టి, ఆఖరున నూనె రాస్తుంటే స్ప్రింగులో వెంట్రుకంత పగులు కనబడింది. ఎర్రగా కాల్చి ముంచి నీరు పట్టించేటప్పుడు వేడి ఎక్కువైపోయింది. ఆ పగులుతో నెలో, రెండు నెలలో, ఎప్పుడో ఓసారి స్ప్రింగు తెగుతుంది. తెగితే విప్పిన బ్లేడు మనిషి వేళ్ళ మీదకి మూసుకుంటుంది. నూనె డబ్బాలో పారేసి, అదే నంబరుతో తర్వాతది మాణిక్యాలరావుకి చేశారు. డబ్బా నిండగానే పాత ఇనుము వాడికి వేసెయ్యమని సలోమికి చెప్పారు.

"తను పారేసిన చాకు నలభై ఎనిమిది వేలు," అని ఇంకొకరి గురించి చెప్పినట్టు అన్నారు మేష్టారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. "మాణిక్యం, అది చాకు కాదు. ఎవడి జేబులోనో బోను. నేను ఇంటికి వెళ్ళాలి."

సలోమి వరండాలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మేష్టారు మోపెడ్ స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"నూనె డబ్బాలో వేసిన చెడిపోయిన చాకులు ఇనుము వాడికి వేసేవా?"

సలోమి చేట పక్కన పెట్టింది. అబద్ధం ఆడటం ఆమెకి రాదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చదువు చెప్పి అలవాటు తప్పిపోయింది.

"లేదండి."

"మరి?"

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తీసిన చప్పుడైంది. పాత శాలువాలో కట్టిన మూట తెచ్చి, బల్ల మీద పెట్టి విప్పింది. ఒక్కో చాకుకీ ఆమె చిరిగిన చీరల గుడ్డ ముక్క చుట్టి ఉంది. గులాబీ రంగుది, మామిడిపిందెల అంచుది, ఆకుపచ్చ జరీది. ఒక్కో గుడ్డలో ఒక చీటీ.

మేష్టారు ఒక చీటీ తీసి చదివారు. "52. పిడిలో సందు ఉందన్నారు. నాకు కనపడలేదు." ఇంకోటి తీశారు. "81. బ్లేడు విప్పే గోరు గాడి వంకర అన్నారు. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు." మూడోది: "19. బాగానే ఉంది. ఊరికే పారేశారు."

"కిలో ముప్ఫై రూపాయలకి వేసెయ్యడానికి నాకు మనసొప్పలేదండి," అంది సలోమి. "ఒక్కోదానికి ఆరేసి రోజులు మీరు ఆ షెడ్డులో వంగి కూర్చున్నారు. కిటికీలోంచి చూసింది నేను. మీకు చెడిపోయినవి కావచ్చు. నాకు కావు."

మేష్టారికి కోపం తెచ్చుకోవాలని తెలుసు. తెచ్చుకోలేకపోయారు. ఆ చీటీలన్నీ చదవాలని ఉంది, ఈ పనంతా అయ్యాక, తాపీగా.

"ఒకటి బజార్లో నలభై ఎనిమిది వేలకి అమ్ముడైంది. ఎన్ని ఉండాలి?"

"పంతొమ్మిది."

లెక్కపెట్టారు. పద్దెనిమిది చాకులున్నాయి. పంతొమ్మిదో గుడ్డ నీలం రంగుది, ఖాళీగా మడిచి ఉంది. అందులో చీటీ మాత్రం ఉంది. "37. స్ప్రింగులో పగులు. చాలా బాధపడ్డారు."

సలోమి ఆ గుడ్డ దులిపి చూసింది. "నేను తియ్యలేదండి."

"బీరువా తాళం ఎవరెవరి దగ్గరుంటుంది?"

ఆమె గేటు వైపు చూసింది. తాళం ఆమె దగ్గర ఒకటి, వాళ్ళమ్మాయి జాయ్ దగ్గర ఒకటి. జాయ్ అమలాపురం దగ్గర ఇంజినీరింగు కాలేజీలో వర్క్‌షాపు చూస్తుంది. తండ్రి చేతి వాటం, తల్లి మొండితనం వచ్చిన పిల్ల. శనివారం ఒంటిగంటకి ఇంటికొస్తుంది.

వచ్చింది. వరండా మెట్టు దగ్గర ఒక చెప్పు విప్పి, బల్ల మీద విప్పిన మూట చూసి, రెండో చెప్పు విప్పకుండా ఆగిపోయింది.

"అది నేనే తీసేను డాడీ," అంది అడక్కుండానే.

"జాయ్, దాని స్ప్రింగు పగిలింది. ఎవరి చేతిలోనైనా..."

"మార్చేసేను. రెండేళ్ళయింది. కాలేజీలో, వర్క్‌షాపు ఖాళీగా ఉన్నప్పుడు. రివెట్లు తీసి కొత్తది వేసేను."

మేష్టారు గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలారు. తర్వాత ఆయన నోట వచ్చిన మాటకి సలోమి నెత్తి కొట్టుకుంది.

"ఏ స్టీలుతో?"

"పాత చేతి రంపం ముక్కతో."

"నీరు పట్టించేక మళ్ళీ ఎంతదాకా కాల్చేవు?"

"నీలం రంగు తిరిగేదాకా. తిరగ్గానే తీసేసేను. మూడుసార్లు చెడగొట్టి నాలుగోసారి కుదిరింది."

"నాకు అయిదోసారి కుదిరేది, మొదట్లో," అన్నారు మేష్టారు. ఆ గొంతులో గర్వం ఆయన దాచుకోలేకపోయారు.

"మీ స్టీలు సంగతి తర్వాత చూసుకోండి," అంది సలోమి. "నలభై ఎనిమిది వేలకి నువ్వు అమ్మేవా అమ్మా?"

జాయ్ తల అడ్డంగా ఊపింది. "నేను అమ్మలేదు మమ్మీ. ఇచ్చేను. ఒకరికి. ఊరికే." మెట్టు మీద కూర్చుని రెండో చెప్పు విప్పింది. "నిన్న ఆ ఫొటో మా కాలేజీలో కూడా తిరిగింది. అడిగేను. అతను ఫోన్లో చెప్పేది కాదన్నాడు. మీ నాన్నగారి ఎదురుగా చెప్తానన్నాడు. నా వెనకే వచ్చేడు."

గేటు అవతల, రోడ్డు పక్కన మోటారుసైకిలు ఆపుకుని, హెల్మెట్ రెండు చేతుల్తో పట్టుకుని ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. మేష్టారు గుర్తుపట్టారు. ముక్తేశ్వరంలో ఇరవై ఎకరాల కొబ్బరి తోట ఉన్న సోమేశ్వరరావు గారి అబ్బాయి, నాగసతీష్. చాకు కోసం ఈ ఏడాదిలో మూడుసార్లు వచ్చాడు. పద్నాలుగు నెలలు ఆగాలంటే మూడుసార్లూ, "ఆయ్, ఆగుతానండి" అని వినయంగా చెప్పి, టీ తాగి వెళ్ళాడు. అప్పుడంతా ఆయన చేసిన చాకు అతని జేబులోనే ఉందన్నమాట. వచ్చింది చాకు కోసం కాదన్నమాట.

ఆ సంగతి సలోమికి ఆయనకన్నా ముందే అర్థమైనట్టుంది. మూట మీద శాలువా నెమ్మదిగా కప్పింది.

పొద్దున్న ఒక మనిషి మీద తొందరపడి యార్డుకి వెళ్ళిన మేష్టారు, ఇప్పుడు తొందరపడలేదు. గేటు దాకా తాపీగా నడిచారు. ఎదురుగా నిలబడ్డారు. అతను చెప్పుకోవాలనుకున్నది చెప్పుకోనివ్వాలి.

"మేష్టారండి," అన్నాడు నాగసతీష్. పెదాలు తడుపుకున్నాడు. "ఆ చాకు నేను అమ్మలేదండి. మా నాన్నగారు నా గదిలోంచి తీసి అమ్మేరు. డబ్బు కోసం కాదండి. మాకు ఆ డబ్బు అక్కర్లేదు. ఎందుకమ్మేరో చెప్తే మీరు నన్ను ఈ గేటు దాటనివ్వరేమో. అయినా చెప్పాలనే వచ్చేను."

వెనక వరండాలో జాయ్ లేచి నిలబడింది.

కృపారావు మేష్టారు గడియ తీసి, గేటు పూర్తిగా తెరిచి పట్టుకున్నారు.

"లోపలికొచ్చి చెప్పు," అన్నారు.